లెక్కలో మన రెక్కల కష్టం ఏదీ?

హైదరాబాద్‌లో ఆడవాళ్లు నడిపే వ్యాపారాల కోసం ప్రభుత్వం 2018లో వి-హబ్ పెట్టింది. అంతకు చాలా ముందే, 1993లోనే, మహిళా పారిశ్రామికవేత్తలంతా కలిసి ఎలీప్ సంఘం పెట్టుకుని, గాజులరామారంలో పారిశ్రామికవాడే కట్టుకున్నారు. కొత్త వ్యాపారాన్ని కాళ్లు నిలదొక్కుకునేదాకా సాకే ఇంక్యుబేటర్లు ఇప్పుడు చాలానే ఉన్నాయి. సంతోషమే. కానీ అక్కడ సలహాలు చెప్పే మాలాంటి వాళ్ల సంగతేమిటి?

పొడుల వ్యాపారం చేస్తున్నానని నన్నూ ఒకచోటికి పిలిచారు. జొన్న మురుకులు చేసే ఓ అమ్మాయి లెక్క చూపించింది. కిలోకి పిండి, నూనె, కవర్లు కలిపి 190 రూపాయలు. అమ్మేది 260కి. "డెబ్భై లాభం మేడమ్!" అంది. భేష్ అన్నాను. ప్యాకెట్ రంగు మార్చమని చెప్పి, శాలువా కప్పించుకుని వచ్చేశాను.

ఆర్నెల్లకు గాజులు తాకట్టు పెట్టి మళ్లీ వచ్చింది. అప్పుడు కూర్చుని చూశాను. రోజుకి ఆరు కిలోలు, మిగిలేది 420. గ్యాస్‌కీ, ఆటోకీ 150 పోను 270. తనూ వాళ్లమ్మా పొద్దుణ్ణించి సాయంత్రందాకా పొయ్యి దగ్గరే. ఆ 270 లాభమా, ఇద్దరి కూలా? పైగా షాపులవాళ్ల దగ్గర మూడు నెలల బాకీ!

"నీ కూలి ఎంత వేసుకున్నావమ్మా?" అని మొదటిరోజే ఎందుకు అడగలేదు నేను? ఎందుకంటే మూడేళ్లపాటు నా పుస్తకంలోనూ ఆ గడి ఖాళీయే. చెప్పుకోవడానికి సిగ్గు.

పెట్టుబడిదారుల ముందు అయిదు నిమిషాల్లో ఎలా మాట్లాడాలో నేర్పుతారు. అది కావలసిన వాళ్లకి మంచిదే. మురుకుల అమ్మాయికి మాత్రం ఏడాదిపాటు వారం వారం పక్కన కూర్చుని పద్దులు చూసే ఒక్క మనిషి కావాలి. ఆ మనిషి తన నష్టాలు కూడా విప్పి చెప్పాలి.

బాకీల సంగతీ చెప్పాలి. ఉద్యమ్ రిజిస్ట్రేషన్‌కి పైసా ఖర్చు లేదు. అది ఉన్న చిన్న తయారీదారుకి 45 రోజుల్లోపు డబ్బివ్వాలని 2006 నాటి చట్టం. ఆలస్యమైతే బ్యాంక్ రేటుకి మూడింతల చక్రవడ్డీ. చట్టం పేరెత్తితే రేపట్నించి సరుకే వద్దంటారేమోనన్న భయం నిజమే. అందుకే ముందు కాగితమ్మీద ఆర్డర్ రాయించుకోమన్నాను.

ధర 320 చేసింది. రెండు షాపులు మానేశాయి, ఒకటి నిలిచింది. వచ్చే గురువారం మళ్లీ వెళ్తున్నాను, నా పాత పద్దుల పుస్తకం పట్టుకుని.