17 డిగ్రీల ఎత్తున ధ్రువుడు

మునగాలలో మేడ మీద టెలిస్కోపు నిలబెట్టిన మొదటి రాత్రి నన్ను ఇబ్బంది పెట్టినది మేఘం కాదు, పెట్టెలో వచ్చిన ఇంగ్లీషు పుస్తకం. ధ్రువ నక్షత్రం వైపు అక్షాన్ని ఎత్తి బిగించమని అందులో ఉన్నది. పక్కనున్న బొమ్మలో ఆ అక్షం ఆకాశంలో సగం ఎత్తుకు చూస్తున్నది. అది గీసినవారి ఊరు ఏ 45వ అక్షాంశం మీదనో ఉండాలి. మునగాల సుమారు 17 మీద ఉన్నది. ఏ ఊరి అక్షాంశం ఎంతో, ఆ ఊరికి ధ్రువం అంత ఎత్తులోనే ఉంటుంది.

ఈ బిగింపు ఎందుకంటే, భూమి తిరుగుతున్నందువల్ల చుక్క నిమిషంలోనే కటకం దాటి పోతుంది. మౌంటు అక్షం భూమి అక్షానికి సమాంతరంగా ఉంటే, ఆ ఒక్క అక్షాన్ని తిప్పుతూ చుక్కను వెంబడించవచ్చు. ఊరికే చూడటానికి ఉజ్జాయింపు చాలును. ఫోటో తీయాలంటే చాలదు.

17 డిగ్రీలకు దించేసరికి బరువు కడ్డీ ముక్కాలి పీట కాలికి కొట్టుకున్నది. పుస్తకంలో దాని ప్రస్తావనే లేదు. ఇక ధ్రువుడు! నడినెత్తి చుక్క వెలుగు దాటే గాలికి సుమారు మూడున్నర రెట్ల గాలిని దాటి ఆయన వెలుగు మనకు చేరాలి. కోతల కాలంలో గడ్డి తగలబెట్టిన పొగ, హైవే దీపాల కాంతి, పక్కింటి వేపచెట్టు అన్నీ ఆ ఎత్తులోనే ఉంటాయి. పైగా కదలనివాడని కథల్లో విన్న ధ్రువుడు అసలు ధ్రువానికి అర డిగ్రీకి పైగా ఎడంగా ఉండి, తానూ రోజుకొక చిన్న చుట్టు తిరుగుతాడు.

ధ్రువుణ్ణి చూడకుండానే అక్షాన్ని సరిచేసే పాత పద్ధతి ఒకటున్నది. మన ప్రాంతానికి అదే తగినదని నా అభిప్రాయం. ఓరియన్ నడుములోని మూడు చుక్కల్లో పడమటి చివరిది ఖగోళ మధ్యరేఖను దాదాపు ఆనుకొని ఉంటుంది. అది నడినెత్తికి కాస్త దక్షిణంగా, ఉత్తర దక్షిణ రేఖ మీదికి వచ్చినపుడు కటకం మధ్యలో నిలిపి, మోటారు నడుస్తుండగా చూడాలి. చుక్క దక్షిణానికి జారితే అక్షం తూర్పుకు తిరిగి ఉన్నదని అర్థం, ఉత్తరానికి జారితే పడమరకు. తరువాత మధ్యరేఖకు దగ్గరి మరొక చుక్కను తూర్పున తక్కువ ఎత్తులో పట్టుకోవాలి. అది దక్షిణానికి జారితే అక్షం దిగువగా ఉన్నట్టు, ఉత్తరానికైతే ఎగువగా ఉన్నట్టు. కటకంలో దిక్కులు తారుమారవుతాయి గనుక గొట్టాన్ని కొంచెం ఉత్తరానికి నెట్టి చూడండి, చుక్క ఏ అంచుకు పోతే అది దక్షిణం. గంట పడుతుంది. ఫోనులోని యాప్‌లు ఈ పని తేలిక చేస్తాయనేవారితో నాకు తగవు లేదు. కాని భూమి తిరగడాన్ని కంటితో పట్టుకునే ఆ గంటను పిల్లలకు దక్కనీయకపోవడం నాకు నచ్చదు.

ఇదంతా తెలుగులో ఎక్కడ ఉన్నది? మునగాల జమీందారీకి దివానుగా ఉన్న కొమర్రాజు లక్ష్మణరావు, ఆ జమీందారు నాయని వెంకట రంగారావు వంటివారి అండతో, 1906లో విజ్ఞాన చంద్రికా మండలిని నడపసాగారు. చరిత్రతోబాటు జీవశాస్త్రం, పదార్థ విజ్ఞానం వంటివి తెలుగువారికి తెలుగులోనే అందాలని ఆయన తాపత్రయం. తరువాత మనం నక్షత్రాల కథలు చాలానే రాసుకున్నాము. మర ఎటు తిప్పాలో చెప్పే పుటలు మాత్రం రాసుకోలేదు. ఉన్న ఇంగ్లీషు పుస్తకాన్ని అనువదిస్తే సరిపోతుందని కొందరంటారు. సరిపోదు. అనువదించినా అందులోని బొమ్మ 45 డిగ్రీలదే, కడ్డీ కాలికి కొట్టుకుంటూనే ఉంటుంది. 17 డిగ్రీల దగ్గర నిలబడినవారే అది రాయాలి.

నాకు తెలిసినంత రెండు పుటలు రాసి టెలిస్కోపు పెట్టెలోనే ఉంచాను. తూర్పు పడమరలు ఒకచోట తారుమారు రాశానట, మా మేనకోడలు పెన్సిలుతో దిద్దిపెట్టింది.