వంటింటిదాకా వచ్చిన యుద్ధం

టీవీలో యుద్ధం వార్తలు రాగానే ఛానెల్ మార్చేస్తుంటాం. ఎక్కడో ఎవరో కొట్టుకుంటుంటే మనకెందుకులే, ఇంట్లో బోలెడు పని ఉంది అనుకుంటాం. కానీ యుద్ధం మనల్ని అలా వదిలిపెట్టదు. నూనె ప్యాకెట్ రూపంలో తిన్నగా వంటింట్లోకే వచ్చి కూర్చుంటుంది.

2022 ఫిబ్రవరి 24న రష్యా ఉక్రెయిన్ మీద దాడికి దిగింది. అప్పటిదాకా మనం దిగుమతి చేసుకునే పొద్దుతిరుగుడు నూనెలో పదింట దాదాపు తొమ్మిది వంతులు ఆ రెండు దేశాల నుంచే వచ్చేది. యుద్ధంతో ఉక్రెయిన్ రేవులు మూతపడ్డాయి. నల్ల సముద్రంలో మందుపాతరలు తేలాయి. ఓడలకు బీమా మోయలేని భారమైంది. చూస్తుండగానే మన కిరాణా కొట్లలో లీటరు నూనె రెండు వందల దరిదాపులకు చేరింది. పోనీ పామాయిల్ వాడుకుందామంటే, అదే ఏప్రిల్‌లో ఇండోనేషియా తన జనానికే చాలడం లేదంటూ ఎగుమతులు ఆపేసి, మూడు వారాలకుగానీ మళ్లీ వదల్లేదు. ఆంబోతుల పోట్లాటలో లేగల కాళ్లు విరగడమంటే ఇదే!

మనమైతే పోపులో చెంచా నూనె తగ్గించి ఎలాగో నెట్టుకొచ్చాం. బయటి నుంచి గోధుమలు వస్తేనే పొయ్యి వెలిగే యెమెన్, సోమాలియా తల్లులు దేన్ని తగ్గించుకోవాలి?

కాస్తంత శాంతి దొరికితే ఏమవుతుందో కూడా చూశాం. ఐక్యరాజ్యసమితి, టర్కీ మధ్యవర్తులుగా 2022 జూలై 22న ఇస్తాంబుల్‌లో ఒక ఒప్పందం కుదిరింది. ఆగస్టు 1న ఒడెస్సా నుంచి మొదటి ఓడ మొక్కజొన్నలతో కదిలింది. ఏడాదిలోపే సుమారు 3 కోట్ల 30 లక్షల టన్నుల ఆహార సరుకు బయటికొచ్చింది. యుద్ధం ఆగలేదు, దారి తెరుచుకుందంతే. దానికే అంత ఫలితం! 2023 జూలైలో రష్యా ఆ ఒప్పందం నుంచి తప్పుకుంది. ఆ ఏడాది చివర్లో యెమెన్ హౌతీల దాడులతో ఎర్ర సముద్రం దారి కూడా ప్రమాదంలో పడింది. చాలా ఓడలు ఆఫ్రికా ఖండమంతా చుట్టి పోవలసి వచ్చింది. ఆ అదనపు ఇంధనం, కిరాయి చివరికి ఎవరి సంచిలోంచి పోతాయో వేరే చెప్పాలా?

ధర పెరిగితే సర్దుకోవలసింది ఇల్లాలు. కానీ ఇస్తాంబుల్‌లో సంతకాలు చేసినవాళ్లంతా మగవాళ్లే. శాంతి చర్చల్లో స్త్రీలకు చోటుండాలని ఐక్యరాజ్యసమితి భద్రతామండలి 2000 అక్టోబరులోనే 1325వ తీర్మానం చేసింది. ఆ మాట ఇప్పటికీ చాలావరకు కాగితం మీదే ఉంది.

అందుకే యుద్ధం సంగతి మగవాళ్లు అరుగుల మీద మాట్లాడుకునే విషయమని వదిలేయకండి. మన నువ్వులు, వేరుశనగ పండించే రైతుకు గిట్టుబాటు ధర ఏదని అడగండి. చర్చలకు మన దేశం ఏం చేస్తోందని ఓటడగడానికి వచ్చినవాళ్లను నిలదీయండి. నెలసరుకుల చీటీ రాసే చేతికి ఆ హక్కు ఉంది.