నాకు థైరాయిడ్ ఉంది... మీకూ ఉంది

మన భాషలో ఒక తమాషా ఉంది. "ఆవిడకి థైరాయిడ్ ఉందట పాపం" అంటాం. థైరాయిడ్ అనేది గొంతు కింద సీతాకోకచిలుక ఆకారంలో ఉండే గ్రంథి. అందరికీ ఉంటుంది. "ఆయనకి గుండె ఉందట పాపం" అని ఎవరూ అనరు కదా!

ఈ జోకు నేను చాలాసార్లు వేశాను, నా వంతు వచ్చేదాకా.

మా ఆఫీసులో ఏడాదికోసారి హెల్త్ చెకప్ ఉంటుంది. ఫ్రీ కాబట్టి వెళ్తాం. పరగడుపున రక్తం ఇచ్చి, వాళ్లిచ్చిన ఉప్మా తిని వచ్చేశాను. రాత్రి పదకొండింటికి రిపోర్టు వచ్చింది. పద్దెనిమిది పేజీలు. అందులో ఒక్క అంకె బొద్దుగా, ఎర్రగా ఉంది. టీఎస్‌హెచ్ 7.2. పక్కనే ఉండాల్సిన హద్దులు 0.4 నుంచి 4.2. మర్నాడు పొద్దున్నే ఒకావిడ ఫోన్ చేసి "సార్, మీకు థైరాయిడ్ వచ్చింది. టాబ్లెట్ స్టార్ట్ చేసుకుంటే మంచిది. లైఫ్ లాంగ్ వేసుకోవాలి" అంది. మొత్తం రెండు నిమిషాలు. అందులో ఒక నిమిషం మా ఇంట్లోవాళ్లకి డిస్కౌంటులో ఇచ్చే ప్యాకేజీ గురించి. "మీకేమైనా ఇబ్బందిగా ఉందా?" అని మాత్రం అడగలేదు.

ఇరవయ్యెనిమిదేళ్లకి జీవితాంతం మాత్ర అంటే కాళ్లలో వణుకొచ్చింది, అబద్ధమెందుకు చెప్పడం. ఆ వారం ఏ పనీ చెయ్యలేదు. శుక్రవారం రాత్రి బస్సెక్కి బిచ్కుంద వెళ్లిపోయాను. పిట్లం దాటేదాకా ఫోన్లో చదువుతూనే ఉన్నా.

మా అమ్మ మొదటి మాట: "ఉప్పు సరిగ తింటలేవా బిడ్డా?"

మా చిన్నమ్మ అక్కడే కూర్చుని చిక్కుడుకాయ గిల్లుతోంది. రిపోర్టు వంక చూడను కూడా చూడలేదు. నన్నే చూసి మొదలుపెట్టింది.

"చలి ఎక్కువ పెడ్తుందారా?"

"లేదు."

"పొద్దున లేస్తే మొఖం ఉబ్బుతుందా? దొడ్డికి సక్కగ పోతున్నవా? జుట్టు కుచ్చులు కుచ్చులు ఊడుతుందా? కూసున్న కాడనే నిద్ర ముంచుకొస్తుందా?"

"మీటింగుల్లో వస్తది చిన్నమ్మా."

"అది రోగం గాదు, నౌకరి. నన్ను ఇట్ల అడిగినోళ్లు ఒక్కలుంటే నా నాలుగేండ్లు పోకపోతుండె."

ఆవిడ కథ నాకు తెలుసు, కానీ అంతవరకూ ఈ కోణంలో ఆలోచించలేదు. నాలుగేళ్లు ఆమెకి ఒకటే నీరసం. ఒళ్లు వచ్చేసింది. ఎండాకాలంలోనూ దుప్పటి. ఊళ్లో చూపిస్తే బలం సూది, గ్లూకోజు. తగ్గకపోతే బాన్సువాడ, అక్కడా గ్లూకోజే. ఇంట్లోవాళ్లు "పని ఎగ్గొట్టనీకి" అన్నారు. అన్నవాళ్లలో నేనూ ఉన్నానని ఒప్పుకోవాలి, నవ్వుతూ అన్నాను గానీ అన్నాను. చివరికి ఏదో ఆపరేషన్ కోసమని నిజామాబాదులో రక్తపరీక్ష చేస్తే టీఎస్‌హెచ్ వంద దాటి ఉంది. కొన్ని వందల రూపాయల పరీక్ష. అన్ని సెలైన్ సీసాలకి పెట్టిన డబ్బులో అది ఎన్నోవంతో లెక్క వెయ్యబుద్ధి కాలేదు. మాత్ర మొదలుపెట్టిన కొన్ని నెలలకి మనిషి మళ్లీ మనిషైంది.

నా వృత్తి భాషలో చెప్తాను. సర్వర్ మీద అలర్ట్ మోగితే ముందు సైటు నడుస్తోందా లేదా చూస్తాం. నడుస్తుంటే రెండో అలర్ట్ దాకా ఆగి కారణం వెతుకుతాం. ఒక్క అలర్ట్ చూసి ఎవరూ సర్వర్ మార్చెయ్యరు. నా విషయంలో అదే జరగబోయింది. చిన్నమ్మ విషయంలో నాలుగేళ్లు సర్వర్ పడిపోయి ఉంది, అలర్టే పెట్టలేదు.

ఈ అంకె సంగతి కొంచెం చూద్దాం. థైరాయిడ్ హార్మోను తగ్గితే మెదడు కింది పిట్యూటరీ గ్రంథి "ఇంకా చెయ్యి, ఇంకా చెయ్యి" అని అరుస్తుంది. ఆ అరుపే టీఎస్‌హెచ్. హార్మోను రవ్వంత తగ్గినా అరుపు బాగా పెరుగుతుంది, అందుకే అది మంచి పరీక్ష. కానీ ఆ అరుపు రాత్రిపూట ఎక్కువ, మధ్యాహ్నం తక్కువ. జబ్బు చేసి కోలుకునేటప్పుడు కొన్నాళ్లు పెరగొచ్చు. జుట్టు కోసం వేసుకునే బయోటిన్ కొన్ని పద్ధతుల్లో ఫలితాన్నే తారుమారు చేస్తుంది. పైగా "నార్మల్" హద్దు అనేది సాధారణంగా ఆరోగ్యవంతుల్లో మధ్యనున్న 95 శాతం మందిని తీసుకుని గీసిన గీత. అంటే ఒకదానితో ఒకటి సంబంధం లేని ఇరవై పరీక్షలు చేస్తే, నిక్షేపంగా ఉన్న మనిషికి కూడా అన్నీ నార్మల్ వచ్చే అవకాశం 36 శాతమే. నమ్మకపోతే 0.95ని ఇరవైసార్లు గుణించి చూసుకోండి.

అలాగని ఇదంతా వ్యాపారమే అని కొట్టిపారెయ్యను. హైదరాబాదుతో సహా ఎనిమిది నగరాల్లో ఐదువేల మందికి పైగా పరీక్షించిన ఒక అధ్యయనం 2013లో వచ్చింది. సుమారు 11 శాతం మందికి హైపోథైరాయిడిజం. అందులో దాదాపు మూడోవంతు మందికి తమకు ఉన్నట్టే తెలియదు. ఇంకో 8 శాతం మంది నాలాంటివాళ్లు, టీఎస్‌హెచ్ ఎక్కువ, హార్మోను మాత్రం మామూలే. గమనించండి, ఎనిమిదీ నగరాలే. బిచ్కుంద లాంటి ఊరు ఆ లెక్కలోకే రాలేదు.

అమ్మ ఉప్పు ప్రశ్న కూడా ఉత్తది కాదు. 1956లో హిమాచల్‌లోని కాంగ్రా లోయలో, గొంతువాపుతో బాధపడే ఊళ్లని మూడు భాగాలు చేసి, రెండింటికి అయోడిన్ ఉప్పు, ఒకదానికి మామూలు ఉప్పు ఇస్తూ కొన్నేళ్లపాటు చూశారు. అయోడిన్ ఇచ్చినచోట వాపు తగ్గింది, ఇవ్వనిచోట తగ్గలేదు. ఆ పని నడిపించినాయన మన శ్రీకాకుళంలో పుట్టిన డాక్టర్ వులిమిరి రామలింగస్వామి. 1962లో దేశవ్యాప్తంగా గాయిటర్ నివారణ కార్యక్రమం మొదలైంది. ఇప్పుడు అయోడిన్ ఉప్పు తినేచోట ఎక్కువగా కనిపించేది సొంత రోగనిరోధక శక్తే గ్రంథి మీద దాడి చేసే రకం, దానికి ఇంకాస్త ఉప్పు తింటే లాభం లేదు. ఆయన దగ్గర నేర్చుకోవాల్సింది ఉప్పు ఒక్కటే కాదు. ఆయన ముందు మనుషుల గొంతులు చూశాడు, పోల్చాడు, ఆగాడు, ఆ తర్వాతే మందు చెప్పాడు.

నేనూ ఆగాను. రెండున్నర నెలల తర్వాత మళ్లీ చేయిస్తే 4.9. టీ4 మామూలే, యాంటీబాడీలు లేవు. ఎండోక్రైనాలజిస్టు మాత్ర వద్దన్నారు, ఆర్నెల్లకోసారి చూసుకుందాం అన్నారు. నాలాంటి కేసుల్లో చాలామందికి మాత్రల వల్ల ఉపయోగం కనబడలేదని 2019లో బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో ఒక మార్గదర్శకం వచ్చింది. అయితే అది ముప్పై లోపు వాళ్లకి వర్తించకపోవచ్చని కూడా అందులోనే రాశారు. అంటే నా సంగతి ఇంకా తేలలేదన్నమాట. తేలకపోయినా ఇప్పుడు నిద్ర పడుతోంది.

లక్షణాలు లేకుండా పరీక్షే వద్దా అంటే, అదీ కాదు. పుట్టిన బిడ్డ చెప్పలేడు. ఆ లోపం కనిపెట్టక ఆలస్యమైతే మెదడు ఎదుగుదలే దెబ్బతింటుంది, అందుకే మడమ నుంచి రక్తపు చుక్క తీసి చూస్తారు. గర్భిణులూ, పిల్లల కోసం చూస్తున్నవాళ్లూ నాలాగా నెలల తరబడి ఆగకూడదు, వెంటనే డాక్టరుని కలవాలి. ఇప్పటికే మాత్ర వేసుకుంటున్నవాళ్లు ఇది చదివి మానెయ్యకండి మహాప్రభో!

నేననేది ఇంతే. పద్దెనిమిది పేజీల రిపోర్టు పంపేవాళ్లు చిన్నమ్మ అడిగిన నాలుగు ప్రశ్నలకి అరపేజీ కేటాయించాలి. ఊళ్లో ఒక ఆడమనిషి నెలల తరబడి నీరసం అంటుంటే రెండో గ్లూకోజు సీసా ఎక్కించే ముందు ఒక్కసారి టీఎస్‌హెచ్ చేయించాలి.

తిరిగొచ్చేటప్పుడు చిన్నమ్మ బస్టాండు దాకా వచ్చింది. నా సంచీ తనే మోసింది. నేను వద్దన్నా వినలేదు.