రైలు పోయిన దారిలో సైకిళ్లు

అన్సీ అనే ఊరి పేరు మన పాఠకులలో చాలామందికి కొత్తగా ఉండవచ్చు. ఫ్రాన్సు దేశపు తూర్పు కొసన, స్విట్జర్లాండు సరిహద్దుకు దగ్గరలో, ఆల్ప్స్ కొండల నడుమ ఉన్న పట్టణమది. ఊరిని ఆనుకుని పద్నాలుగు కిలోమీటర్లకు పైగా పొడవున్న సరస్సు, సరస్సు మొగలో చెట్లూ పచ్చికా ఉన్న పెద్ద ఉద్యానవనం. విశాఖపట్నంలో ఉన్న మన సహోదరులకు మాత్రం ఈ ఊరు అంత పరాయిది కాదు. ఆ సంగతి తర్వాత చెబుతాం. ఈ నెల మేము రాయదలచినది ఆ సరస్సు పడమటి ఒడ్డున సాగే ఒక బాట గురించి.

లియోన్ నగరంలో కాపురముంటున్న మా అమ్మాయి, అల్లుడు కిందటి వేసవిలో మమ్మల్ని అక్కడికి తీసుకువెళ్లారు. మనవరాలికి తొమ్మిదేళ్లు. దానికి మంచి సైకిలుంది గాని, అపార్టుమెంటు వెనక ఖాళీస్థలంలో గుండ్రంగా తిరగడానికే తప్ప రోడ్డెక్కించడానికి తల్లికి ధైర్యం చాలలేదు. తల్లిని ఏమనగలం? కారు నడిపేవాడు ఒక్క క్షణం ఏమరితే చాలు. మన ఊళ్లలోనూ పిల్లల సైకిళ్లు మేడ మీదా, వరండాలోనూ తుప్పు పడుతున్నది ఈ భయంతోనే గదా. ఒకప్పుడు మేమిద్దరం నాలుగైదు మైళ్లు సైకిలు తొక్కి హైస్కూలుకు వెళ్లి చదువుకున్నవాళ్లమే. అదే దారిలో ఇప్పుడు పిల్లను పంపమంటే మేమూ పంపం.

అన్సీలో అద్దెకు సైకిళ్లు తీసుకున్నాం. మాలో ఒకరికి మోకాలి ఆపరేషన్ అయింది కనుక ఆ ఒక్కరికీ బ్యాటరీ సాయం ఉన్న సైకిలు. బాట నున్నని తారు బాట. పందేల వాళ్ల సన్నటి టైర్లు కూడా హాయిగా దొర్లిపోతాయి. ఒకవైపు నీళ్లు, మరోవైపు కొండ, మధ్యలో తోటలూ ఇళ్లూ. బయలుదేరిన మొదటి కిలోమీటరు అంతా మా మనవరాలు మాటిమాటికీ వెనక్కి తిరిగి చూస్తూనే ఉంది. “అమ్మమ్మా, వెనక నుంచి ఏమీ రాదా?” అని అడిగింది. రాదమ్మా, ఇక్కడికి కార్లు రావు అని చెప్పాం. నమ్మలేదు. సెవ్రియే అనే ఊరు దాటేసరికి చూడటం మానేసింది. కాసేపటికి ఏదో పాట అందుకుంది. వెనకాల వస్తున్న దాని తల్లి మొహం అప్పుడు చూడవలసింది.

ఇటువంటి బాటను ఫ్రెంచివారు ‘పచ్చని బాట’ అంటారు. మోటారు లేని బండ్లకు, నడిచేవారికి, గుర్రాల మీద వెళ్లేవారికి మాత్రమే అని 2004లో దీనికి వారి రోడ్డు చట్టంలో చోటు దొరికింది. మరొక చట్టం తల్లిదండ్రులు గమనించదగినది. 2017 మార్చి నుంచి పన్నెండేళ్ల లోపు పిల్లలు సైకిలెక్కితే తలకు హెల్మెట్ తప్పనిసరి. లేకపోతే వెంట ఉన్న పెద్దవారికి 135 యూరోల జరిమానా. పిల్ల పెట్టుకోనని మారాం చేసింది అంటే వినరు.

అయితే కార్లు లేనంత మాత్రాన ఆ బాటలో భయమే లేదని మేము రాయలేం. సెలవు దినాలలో అక్కడ తిరునాళ్లే. తోపుడుబండిలో పసిబిడ్డను పెట్టుకుని వచ్చే తల్లులు, కాళ్లకు చక్రాల బూట్లు కట్టుకున్న కుర్రవాళ్లు, వారి మధ్య నుంచి బాణంలా దూసుకుపోయే పందెం సైకిళ్లు. గంట కొట్టి పక్కకు జరిగే మర్యాదస్తులే ఎక్కువ. కొందరు మాత్రం ముందున్నది చిన్నపిల్ల అని కూడా చూడరు. కారు మీద మనకుండే ఫిర్యాదు నడిచేవారికి సైకిలు మీద ఉంటుందన్నమాట. బాట అక్కడక్కడా మామూలు రోడ్లను దాటుతుంది, అక్కడ దిగి చూసుకోవాలి. పైగా ఆ దేశంలో కుడివైపున వెళ్లాలి. మన చేతులు ఊరికే ఎడమకు లాగుతుంటాయి.

ఈ బాట ఇంత సమంగా ఎలా ఉందో తెలుసా? అది ఒకప్పటి రైలు మార్గం. అన్సీ నుంచి ఆల్బర్‌విల్ దాకా 1901లో రైలు వేశారు. రోడ్లూ మోటార్లూ పెరిగాక ఆదరణ తగ్గి, 1938లో ప్రయాణికుల బండ్లు ఆగిపోయాయి. తర్వాత సరుకు బండ్లూ పోయాయి. రైలింజను నిట్టనిలువు ఎక్కలేదు, గభాలున మలుపు తిరగలేదు. అందుకని ఆనాటి ఇంజనీర్లు కొండను తొలిచి, గుంటలు పూడ్చి దారిని చదును చేశారు. వాళ్లు ఇంజను కోసం చేసిన పని ఇవాళ మా మోకాళ్లకు పనికివచ్చింది. డ్యుయిన్ అనే ఊరి దగ్గర బాట ఒక చిన్న సొరంగంలో దూరుతుంది. బయట ఎండ మండుతున్నా లోపల చల్లగా, కాస్త చీకటిగా ఉంటుంది. మా మనవరాలు సొరంగంలో కేకలు వేసి ప్రతిధ్వని వినడానికి మూడుసార్లు అటూ ఇటూ తిరిగింది. అక్కడి నుంచి సరస్సు దక్షిణపు కొనలో ఉన్న డూసార్ దాకా వెళ్లి, రొట్టెలు తిని, వచ్చిన దారినే తిరిగాం.

నీళ్ల సంగతి కూడా చెప్పాలి. ఇప్పుడు అడుగున రాళ్లు కనిపించేంత తేటగా ఉన్న ఈ సరస్సు ఒకనాడు చావుకు సిద్ధమైంది. చుట్టుపక్కల ఊళ్ల మురుగంతా అందులోనే కలిసేది. సరస్సులో మునిగి ఈదే అలవాటున్న పాల్ సెర్వెతాజ్ అనే వైద్యుడు 1940లలో ప్రమాదాన్ని గుర్తించి ఇంటింటికీ, ఊరూరికీ చెప్పుకుంటూ వచ్చాడు. చివరికి 1957లో ఒడ్డునున్న గ్రామాలు కలిసి ఒక సంఘంగా ఏర్పడి, సరస్సు చుట్టూ మురుగు గొట్టాలు వేయించి, మురుగు నీళ్లలో పడకుండా ఊరి దిగువకు మళ్లించి శుద్ధి చేయించడం మొదలుపెట్టాయి. ఏళ్ల తరబడి పట్టిన పని అది. భూమిలో పూడ్చిన గొట్టాన్ని చూపించి ఓట్లడగడం కష్టం. అయినా డబ్బు ఖర్చు పెట్టారు. ఆ పట్టణం ఇవాళ తాగుతున్నది ఈ సరస్సు నీళ్లే.

ఇక విశాఖ మాట. 1838లో అన్సీలో పియేర్ మారీ మెర్మియే అనే గురువు సెయింట్ ఫ్రాన్సిస్ డి సేల్స్ పేరిట ఒక మిషనరీ సభను స్థాపించారు. ఆ సభ వారు సూయజ్ కాలువ ఇంకా తవ్వని రోజుల్లో బయలుదేరి 1846లో విశాఖపట్నం చేరారు. విశాఖలోని సెయింట్ అలోషియస్ పాఠశాల వారి కాలంలో 1847లో మొదలైనదే. ఆ కొండల చలిలో పెరిగిన యువకులు మన తీరపు ఎండకూ జ్వరాలకూ ఎలా తట్టుకున్నారో! సరస్సు ఒడ్డున బెంచీ మీద కూర్చుని మేమిద్దరం చాలాసేపు ఆ సంగతే మాట్లాడుకున్నాం.

మేము కూర్చున్న ఉద్యానవనంలోనే 2023 జూన్ 8వ తేదీ ఉదయం ఒక దుండగుడు కత్తితో పిల్లల ఆటస్థలంలో చొరబడ్డాడు. నలుగురు పసిపిల్లలకు, ఇద్దరు పెద్దలకు గాయాలయ్యాయి. దేవుని దయవల్ల అందరూ బ్రతికారు. కాలినడకన దేశంలోని పెద్ద దేవాలయాలను చూస్తూ తిరుగుతున్న ఇరవై నాలుగేళ్ల యువకుడొకడు తన వీపు సంచినే ఆయుధంగా పట్టుకుని ఆ మనిషికి ఎదురు వెళ్లాడు. ఇదంతా మా అమ్మాయి మాకు మెల్లగా, పిల్ల వినకుండా చెప్పింది. పిల్లకు ఎదురయ్యే ప్రమాదం ప్రతిసారీ కారు రూపంలోనే రాదని ఆ తల్లికీ తెలుసు. అయినా సైకిలు తెచ్చింది. మేము చూసిన రోజున ఉయ్యాలలు ఖాళీ లేవు, పిల్లలు వరుసలో నిలబడి వంతుకోసం పోట్లాడుకుంటున్నారు.

సరస్సును పూర్తిగా చుట్టిరావాలంటే నలభై కిలోమీటర్లు. తూర్పు ఒడ్డున ఎక్కుడు ఎక్కువ. కొన్నిచోట్ల కార్ల రోడ్డు మీదనే వెళ్లాలి. 2009 టూర్ డి ఫ్రాన్స్‌లో ఈ చుట్టునే ఒంటరి పరుగుగా పెడితే ఆల్బెర్తో కొంతదోర్ నలభై తొమ్మిది నిమిషాలలోపే ముగించాడు. మాకు సగం చుట్టుకే మధ్యాహ్నం అయింది, మధ్యలో ఐస్‌క్రీమ్ కోసం ఆగామనుకోండి. ఆ వైపు బంధువుల ఇంటికి వెళ్లే పాఠకులెవరైనా ఉంటే జూలై, ఆగస్టు ఆదివారాలు మానుకుని వారంలో ఏదో ఒక రోజు ఉదయం తొమ్మిది లోపే బయలుదేరండి. పిల్లల సైజు సైకిళ్లు త్వరగా అయిపోతాయి, ముందురోజే చెప్పి ఉంచుకోండి.