పొగ మాన్పించే మందు, ఇంట్లోవారి ఓర్పు

గిరీశంగారు వెంకటేశానికి నేర్పిన చుట్ట విద్య మన తెలుగువారిని ఇంకా వదలలేదు. వదిలించుకోవాలని పూనుకున్నవారి అవస్థ చెప్పనక్కరలేదు. మానిన మూడవనాడు కాఫీ చల్లారిందని కేక, పిల్లవాడు గట్టిగా చదివాడని కసురు. రాత్రి నిద్ర లేదు, పగలు కచేరీలో లెక్క కుదరదు. అప్పటికే డాక్టరు మాత్ర వ్రాసి ఉంటే, 'ఈ మందే నరాలను పాడుచేస్తోంది' అని ఇంటిల్లిపాదీ తీర్పు చెబుతారు. మాత్ర మూలకు పోతుంది, చుట్ట తిరిగి వస్తుంది. ధర్మపురిలో ఈ మాట మేము చాలా ఇళ్లలో విన్నాము.

నరాలు ఒకదానితో ఒకటి మాట్లాడుకోవడానికి శరీరం ఎసిటైల్ కోలిన్ అనే ద్రవ్యాన్ని తయారుచేసుకుంటుంది. అది తాళంచెవి అయితే, దానిని అందుకొనే గ్రాహకాలు తాళాలు. నికోటిన్ వాటికి సరిగ్గా పట్టే మారు తాళంచెవి. పొగ పీల్చిన 10, 20 సెకండ్లలో మెదడుకు చేరి తాళాలు తెరుస్తుంది. డోపమిన్ వెలువడి హాయి అనిపిస్తుంది. ఏళ్ల తరబడి పీల్చేవారి మెదడులో ఆ తాళాల సంఖ్య పెరుగుతుంది. పొగ మానిన కొద్ది గంటలకే అవన్నీ ఖాళీపడి గోల చేస్తాయి. చిరాకు, దిగులు, నిద్రలేమి అప్పుడే పుడతాయి. మొదటివారం ఉధృతంగా ఉండి, 3, 4 వారాలలో చాలావరకు సర్దుకుంటాయి.

మందులు ఈ గోలను తగ్గించడానికే. నికోటిన్ చూయింగ్ గమ్ పొగలోని విషాలు లేకుండా కొద్ది నికోటిన్‌ను మెల్లగా అందిస్తుంది. తాంబూలంలా నమిలి రసం మింగితే వెక్కిళ్లు, గుండెమంట; కొంచెం నమిలి బుగ్గన పెట్టుకోవాలి. వరెనిక్లిన్ మాత్ర తాళాన్ని సగమే తెరిచి అక్కడే కూర్చుంటుంది. ఆరాటం తగ్గుతుంది, మధ్యలో ఒక దమ్ము లాగినా పూర్వపు రుచి ఉండదు. వికారం, వింత కలలు మాత్రం దాని గుణమే. అన్నం తిన్నాక గ్లాసెడు నీళ్లతో వేసుకోవాలి. బ్యుప్రోపియాన్ అనే మరొక మాత్ర మూర్ఛలు వచ్చేవారికి పనికిరాదు.

ఈ రెండు మాత్రలు మనస్సును చెదరగొట్టవచ్చునని 2009లో అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ కూడా కఠినమైన హెచ్చరిక వేయించింది. తరువాత సుమారు 8,000 మందికి కొందరికి మాత్రలు, కొందరికి నికోటిన్ పట్టీలు, కొందరికి మందులేని ఉత్త బిళ్లలు ఇచ్చి చూశారు. మాత్రలవారిలో మానసిక బాధలు చెప్పుకోదగినంత ఎక్కువగా కనిపించలేదు. ఫలితం వెలువడిన 2016లోనే ఆ హెచ్చరికను తొలగించారు. అయినా పూర్వం మానసిక వ్యాధి ఉన్నవారు డాక్టరుకు ముందే చెప్పాలి. ఎవరికైనా ప్రాణం తీసుకోవాలన్న ఆలోచన వస్తే మందు ఆపి తక్షణం వైద్యుని చూడాలి.

ఇంకొక దోషి వంటింట్లో ఉన్నది. పొగతాగేవారి కాలేయం కెఫీన్‌ను త్వరగా ఖర్చుచేస్తుంది. పొగ మానితే ఆ వేగం తగ్గి, రెండు గ్లాసుల ఫిల్టరు కాఫీ నాలుగింటి పని చేస్తుంది. దడ, వణుకు కాఫీవి, నింద మందుకు! కాఫీని సగం చేయండి.

ఇంట్లోవారికి మా మనవి ఒక్కటే. నెల దినాలు ఆ కేకలను జ్వరంలో పలవరింతగా ఎంచి ఓర్చుకోండి. మందు విషయం వైద్యునికి వదలండి. సందేహముంటే 1800-11-2356కు ఉచితంగా ఫోను చేయవచ్చును. మాత్రను పారవేయమని మాత్రం మీరు చెప్పకండి.