మూడు కాలాల గిటార్

మన సినిమాల్లో హీరోలు గిటార్ వాయించడం ఎప్పుడైనా పరకాయించి చూశారా? మెడలో ఎలక్ట్రిక్ గిటార్ వేలాడుతూ ఉంటుంది, దానికి వైరు మాత్రం ఎక్కడా కనబడదు! పాటలో లీడ్ గిటార్ ఉరుకులు పరుగుల మీద ఉంటే హీరోగారి ఎడమచెయ్యి ఉన్నచోటే ఉంటుంది. కుడిచెయ్యి మటుకు రుబ్బురోలు దగ్గర కూర్చున్నట్టు గిరగిరా తిరుగుతూ ఉంటుంది. అయినా మనం ఈలలు వేస్తాం. వెయ్యాలి కూడా! సినిమా అంటే అదే కదా మరి.

1973లో ‘యాదోం కీ బారాత్’లో తారిఖ్ గిటార్ పట్టుకుని ఊగాడు, కుర్రకారంతా ఊగింది. ఆ కథే 1975లో ‘అన్నదమ్ముల అనుబంధం’గా తెలుగులోకి వచ్చింది. 1989లో ‘ప్రేమ’లో వెంకటేష్ గిటార్ పట్టుకున్నాడు. ఇలా తరానికో గిటార్ హీరో. కానీ ఆ శబ్దం పుట్టించిన అసలు చేతులు తెర మీదికి రావు. అవి రికార్డింగ్ థియేటర్లో, ఓ స్టాండు మీద పెట్టిన నోట్స్ కాగితం ముందు, పేరు కూడా పడకుండా పని చేసుకుపోతాయి. ఈ వారం కబుర్లు ఆ చేతుల గురించే. అందులోనూ కుడిచేతి గురించి.

ఎందుకంటే పలాస నుంచి ఓ పాఠకుడు ఉత్తరం రాశాడు. చెన్నైలో పనిచేస్తున్న వాళ్ల అన్నయ్య, జీతంలో మిగిల్చుకుని ఎలక్ట్రిక్ గిటార్ కొనిచ్చాడట. రెండేళ్లుగా సాధన చేస్తున్నాడు. కార్డ్స్ వచ్చేశాయి, పాటలు వచ్చేశాయి. లీడ్ దగ్గరకొచ్చేసరికి మాత్రం చెయ్యి బిగుసుకుపోతోంది. రాత్రిళ్లు మణికట్టు నొప్పి. “నిజం సెప్పండన్నా, స్పీడనేది పుట్టుకతోనే రావాలేటి? నా సెయ్యి ఇంతేనా? అలాగయితే అమ్మేసి డబ్బులు అన్నయ్యకి పంపించేస్తాను” అని ముగించాడు.

తమ్ముడూ, ఆ గిటార్ అమ్మకు! నేను విద్వాంసుణ్ణి కాను, పత్రికలకి రాసుకునే మనిషిని. కానీ వాయించేవాళ్ల పక్కన కూర్చుని చూసినదీ, విన్నదీ, చదివినదీ కలిపి ఒక్క మాట గట్టిగా చెప్పగలను. వేగం పుట్టుకతో రాదు, తొందరపడితే అసలే రాదు. అది వచ్చే దారి నీకు రెండు మూడు గంటల ప్రయాణం దూరంలో, విజయనగరంలో నూరేళ్ల పైనుంచీ పాఠంగా చెబుతున్నారు.

తాళం ఒకటే, కాలాలు మూడు

విజయనగరం మహారాజావారి సంగీత కళాశాల 1919లో మొదలైంది. మొదటి ప్రిన్సిపాల్ ఆదిభట్ల నారాయణదాసు. మన ఘంటసాల అక్కడే చదువుకున్నారు. అలాంటి చోట పాఠం ఎలా మొదలవుతుందో సంగీతం నేర్చుకునే ఏ చిన్నపిల్లనడిగినా చెబుతుంది. సరళీ వరుసలు, జంట వరుసలు, దాటు వరుసలు, అలంకారాలు. వీటన్నిటినీ మూడు కాలాల్లో సాధన చెయ్యాలి. మొదటి కాలంలో తాళం దెబ్బకి ఒక స్వరం. రెండో కాలంలో రెండు. మూడో కాలంలో నాలుగు. ఇక్కడ కిటుకేమిటంటే తాళం మారదు. చేతిలో దెబ్బ అలాగే నిదానంగా పడుతూ ఉంటుంది, స్వరాలే ఇంతలింతలవుతాయి.

ఇదే గిటార్ సాధన! మెట్రోనోమ్ కొనక్కర్లేదు, మీ ఫోనులోనే దొరుకుతుంది. దాన్ని నిమిషానికి 60 దెబ్బల మీద పెట్టండి. మొదటి కాలంలో సెకనుకి ఒక స్వరం, రెండో కాలంలో రెండు, మూడో కాలంలో నాలుగు. నాలుగూ శుభ్రంగా, ఒకే బరువుతో వినబడితే 64కి పోండి. తర్వాత 68. తాళం 120కి చేరేసరికి మూడో కాలంలో సెకనుకి 8 స్వరాలు. 180కి వెళితే 12. లోకం నోరు తెరుచుకుని చూసే గిటారిస్టుల వేగం ఆ చుట్టుపక్కలే ఉంటుంది. అంటే 60కీ 180కీ మధ్య ఉన్నది అద్భుతం కాదు, మెట్లు! ఒక్కొక్కటీ ఎక్కడమే.

ఇందులో ఇంకో రహస్యం కూడా ఉంది. నిదానం సాధన ఒక్కటే చేస్తే చెయ్యి నిదానానికే అలవాటు పడుతుంది. మెల్లగా వాయించేటప్పుడు చెయ్యి కదిలే తీరు వేరు, వేగంలో కదిలే తీరు వేరు. మూడు కాలాల పద్ధతిలో రోజూ మూడో కాలం రుచి కూడా కాస్త కాస్త తగులుతుంది. నాలుగు దెబ్బలు నిదానంగా, ఒక్క దెబ్బ మూడో కాలంలో, మళ్లీ నిదానం. ఇలా చిటికెడు చిటికెడుగా వేగాన్ని చేతికి పరిచయం చెయ్యాలి. తప్పెటగుళ్ల వాళ్లని చూడలేదూ? మెల్లగా ఎత్తుకుంటారు, ఉన్నట్టుండి ఉరకలెత్తిస్తారు.

మాయామాళవగౌళ హాలీవుడ్ వెళ్లింది

సరళీ వరుసలు మాయామాళవగౌళ రాగంలో నేర్పిస్తారు. గిటార్ మీద ఇది ఎంత సులువో చూడండి. అన్నిటికన్నా సన్నటి తీగ తీసుకోండి. తీగని ఖాళీగా మీటితే ‘స’. తరువాత 1, 4, 5, 7, 8, 11వ మెట్లు. 12వ మెట్టు మీద పై ‘స’. అంతే, రాగం మొత్తం ఒకే తీగ మీద వచ్చేసింది!

“రాక్ మ్యూజిక్ కోసం వస్తే సరిగమలు అంటారేమిటండీ” అని మూతి ముడవకండి. 1962లో డిక్ డేల్ అనే అమెరికన్ ‘మిసర్లూ’ అనే పాత మధ్యధరా ప్రాంతపు బాణీని ఎలక్ట్రిక్ గిటార్ మీద మోత మోగించాడు. 1994లో ‘పల్ప్ ఫిక్షన్’ సినిమా టైటిల్స్ మీద ప్రపంచమంతా విన్నది అదే. తేనెటీగల తుట్టె కదిలినట్టు ఆ పిక్ కిందకీ పైకీ, కిందకీ పైకీ, ఆగకుండా కొడుతూ ఉంటుంది. ఆ బాణీలో వినబడే మెట్లేమిటో తెలుసా? మన చిన్నపిల్లలు మొదటి పాఠంలో పాడే ఆ మెట్లే! పాశ్చాత్యులు దాన్ని డబుల్ హార్మోనిక్ స్కేల్ అంటారు. మనం మాయామాళవగౌళ అంటాం.

ఇక జంట వరుసలు. ‘సస రిరి గగ మమ’. ప్రతి స్వరమూ రెండేసి సార్లు. మొదటిది పిక్‌తో కిందకి, రెండోది పైకి. గిటార్ పుస్తకాల్లో ఆల్టర్నేట్ పికింగ్ అని ఏ అభ్యాసం కోసం పేజీలు నింపుతారో అది జంట వరుసల్లో వండి వడ్డించి ఉంది. కింద, పైన, కింద, పైన. ఎక్కడా రెండు సార్లు వరసగా కిందకి కొట్టకూడదు. ఒక తీగ మీద పట్టు చిక్కాక రెండు తీగల మీద, మూడు తీగల మీద అవే వరుసలు. చివర్లో దాటు వరుసలు. స్వరాలు దాటుకుంటూ పోతాయి గనక తీగలూ దాటాల్సి వస్తుంది.

అదిగో, తీగ దాటే చోటే మన పలాస తమ్ముడి చెయ్యి బిగుసుకునేది! కారణం చేతిలో లేదు, పిక్ కోణంలో ఉంది. పిక్ నిటారుగా ఉంటే కిందకి కొట్టినా పైకి కొట్టినా దాని మొన రెండు తీగల మధ్యనే ఇరుక్కుని ఉంటుంది. పక్క తీగకి పోవాలంటే ప్రతిసారీ చెయ్యి ఎత్తి గెంతాలి. వేగంలో అంత తీరిక ఏదీ? అదే పిక్‌ని కాస్త వాల్చి పట్టుకుంటే, పైకి కొట్టినప్పుడు మొన తీగల వరస దాటి గాలిలోకి వచ్చేస్తుంది. అక్కణ్ణుంచి ఏ తీగ మీదికైనా దిగొచ్చు. ట్రాయ్ గ్రేడీ అనే అమెరికన్ గిటారిస్టు గిటార్‌కే కెమెరా బిగించి, వేగంగా వాయించే చేతుల్ని స్లోమోషన్‌లో చూపించి ఈ సంగతి విప్పి చెప్పాడు. జంట వరుసలో ఒక్కో తీగ మీద పడేవి ఎప్పుడూ సరిసంఖ్య దెబ్బలే. కింద మొదలైతే పైన ముగుస్తుంది. మొన గాలిలో ఉండగానే తీగ మారిపోతుంది. ఎంత చక్కగా అమరిందో చూశారూ!

మిగతా చిట్కాలు క్లుప్తంగా చెప్తాను. కాగితంలా వంగిపోయే పల్చటి పిక్ వేగానికి అడ్డం. 1 మిల్లీమీటరు, ఆ పైన మందం ఉన్నది వాడి చూడండి. బొటనవేలికీ, వంచిన చూపుడువేలి పక్కకీ మధ్య పిక్ పెట్టి, మొన రెండు మూడు మిల్లీమీటర్లు మాత్రమే బయటికి ఉంచండి. కదలిక మణికట్టు నుంచి రావాలి, మోచెయ్యి బిగబట్టి కాదు. ఎంత కొంచెం కదిలితే అంత వేగం. ఆంప్లిఫయర్‌లో డిస్టార్షన్ తగ్గించి సాధన చెయ్యండి, అది తప్పుల మీద దుప్పటి కప్పేస్తుంది. అలాగని కరెంటు లేకుండా గంటల తరబడి వాయించినా ప్రమాదమే. వినబడటం కోసం తీగల్ని బాదడం అలవాటైపోతుంది.

పరాయి వాయిద్యమా?

“ఎంతైనా గిటార్ తెల్లవాళ్లది, మన చేతికి ఎలా లొంగుతుంది?” అనే పెద్దలు ఇంకా ఉన్నారు. వాళ్లకి చెప్పండి. వయొలిన్ కూడా తెల్లవాళ్లదే. 1919లో ఆ విజయనగరం కళాశాల మొదలైనప్పుడే ద్వారం వెంకటస్వామినాయుడు వయొలిన్ ఆచార్యులుగా చేరారు. అప్పటికి ఆయనది ఇంచుమించు పాతికేళ్ల వయసు. 1936లో ప్రిన్సిపాల్ అయ్యారు. ఆయన చూపు మందం, వినికిడి అమోఘం. వయొలిన్‌లో ఎడమచెయ్యి స్వరం పట్టుకుంటుంది, ప్రాణం పోసేది కమాను పట్టిన కుడిచెయ్యి. ద్వారంవారి పేరు చెబితే విన్నవాళ్లు ముందు తలుచుకునేది ఆ నిండైన కమాను వాటమే. పాశ్చాత్యుల వాయిద్యం, వాళ్ల దగ్గర నేర్వదగ్గ పనితనం, మన సంగీతం. మూడూ ఆయన కుడిచేతిలో కలిశాయి.

అక్కణ్ణుంచి బొబ్బిలి ఎంతో దూరం లేదు. పక్కనే గొల్లపల్లిలో పనస చెక్కతో వీణలు చేస్తారు. వీణ మీద కుడిచెయ్యి చూపుడువేలూ నడిమివేలూ వంతులు వేసుకుని మీటుతాయి. పిక్ కిందకీ పైకీ వంతులు వేసుకున్నట్టే! ‘శక్తి’ బృందంతో 1970ల్లో ప్రపంచాన్ని చుట్టిన గిటారిస్టు జాన్ మెక్‌లాఫ్లిన్, అంతకుముందు అమెరికాలో డాక్టర్ ఎస్. రామనాథన్ దగ్గర వీణ నేర్చుకున్నాడు. గిటార్ వాళ్లు మన వీణ దగ్గరికి వచ్చారు సుమా!

పిక్ పట్టిన తెలుగు చెయ్యి కావాలంటారా? 1969లో పాలకొల్లులో పుట్టిన ఉప్పలపు శ్రీనివాస్ ఉన్నాడు. నాలుగు జంటల తీగలుండే మాండొలిన్‌ని అయిదు ఒంటి తీగల ఎలక్ట్రిక్ మాండొలిన్‌గా మార్చుకున్నాడు. 1978లో గుడివాడలో తొలి కచేరీ చేసేనాటికి చిన్నపిల్లాడు. 1983లో బెర్లిన్ జాజ్ ఉత్సవంలో వాయించాడు. తరువాత ఆ మెక్‌లాఫ్లిన్ పక్కనే ‘రిమెంబర్ శక్తి’లో కూర్చున్నాడు. 2014లో, 45 ఏళ్లకే వెళ్లిపోయాడు. ఆయన కృతులు వినండి. వేగం ఎంతున్నా స్వరం మీద స్వరం పడదు, ముత్యాల్లా విడివిడిగా దొర్లుతాయి. సంగీతం తెలిసిన వాళ్లు ఆయనలో మెచ్చుకునేది వేగాన్ని మాత్రమే కాదు, ఆ వేగంలోనూ చెడని గమకాన్ని.

నొప్పి అంటే బ్రేకు

ఇది మాత్రం నవ్వుతూ చెప్పడం లేదు. నొప్పి వస్తే సాధన ఫలిస్తోందని కొందరు వీరాలు పలుకుతారు. నమ్మొద్దు! వేలికొసలు కాయలు కాయడం మామూలే. మణికట్టులో నొప్పి, వేళ్లలో తిమ్మిరి మామూలు కాదు. ఆ క్షణంలో పిక్ కింద పెట్టెయ్యండి. బిగబట్టి వాయిస్తే కండకీ ఎముకకీ మధ్య ఉండే నరాల్లాంటి తాళ్లు వాచిపోతాయి. ఒకసారి ముదిరితే నెలల తరబడి వాయిద్యం ముట్టుకోలేని స్థితి వస్తుంది. ఇరవై నిమిషాలు సాధన, అయిదు నిమిషాలు విశ్రాంతి. భుజాలు వదులు చేసుకోండి, ఊపిరి బిగబట్టకండి. రోజులు గడిచినా తగ్గకపోతే డాక్టరు దగ్గరికి వెళ్లండి. తాళాన్ని పది దెబ్బలు తగ్గించుకుంటే పరువేమీ పోదు. గిటార్ రేపు కూడా అక్కడే ఉంటుంది, చెయ్యి కూడా ఉండాలి కదా!

ఇంకో మాట. వేగం వచ్చాక దాన్ని ఎక్కడ దాచుకోవాలో కూడా తెలియాలి. మన సినిమా పాటల్లో గిటార్‌కి దొరికేది చరణాల మధ్య నాలుగైదు సెకన్లు. ఇళయరాజా స్వయంగా గిటార్ నేర్చినవాడు. ధన్‌రాజ్ మాస్టారి శిష్యుడు. ఆయన పాటల్లో గిటార్ ఎప్పుడు పరుగెత్తుతుందో, ఎప్పుడు ఒక్క స్వరం మీటి ఊరుకుంటుందో ఈసారి చెవులు రిక్కించి వినండి. ఆ ఒక్క స్వరం వాయించిన మనిషికి వంద వాయించే సత్తా లేక కాదు. పాటకి ఒక్కటే కావాలి గనక!

ఊళ్లో జాతరకి ఆర్కెస్ట్రా వస్తే ఈసారి గాయకుల వెనక, లైటు సరిగ్గా పడని చోట నిలబడిన గిటార్ కుర్రాడి వైపు చూడండి. అతని ఎడమచెయ్యి చూసి మురిసిపోకండి, కుడిచెయ్యి చూడండి. అది ఎంత తక్కువ కదిలితే అతను అంత గట్టివాడు. అతనికో చప్పట్ల దండ వెయ్యండి.

వచ్చేవారం మళ్లీ కలుద్దాం. ఈలోగా 60 మీద పెట్టుకుని, సస రిరి... కానివ్వండి!