కుర్చీ ఆయనది... మరి ఆవిడ?

హాలీవుడ్ దంపతులు అనగానే మనకి చప్పున గుర్తొచ్చేవి మూడు... పెళ్ళి, పేపర్లో ఫోటో, విడాకులు! ఎలిజబెత్ టేలర్ ఎనిమిదిసార్లు పెళ్ళి చేసుకుందన్న సంగతి మన కిళ్ళీకొట్టు కుర్రాడు కూడా చెబుతాడు. కానీ ఆ ఊళ్ళోనే, ఆ స్టూడియోల నీడలోనే, 37 ఏళ్ళపాటు పగలూ రాత్రీ ఒకే బల్ల దగ్గర పనిచేసుకుంటూ కుర్చీలూ, బొమ్మలూ, ఇల్లూ, నూటికి పైగా చిన్న సినిమాలూ తయారుచేసిన మొగుడూ పెళ్ళాం ఉన్నారు. వాళ్ళ పేర్లు మాత్రం మనవాళ్ళు ఎక్కువగా విని ఉండరు. చార్లెస్ ఈమ్స్, రే ఈమ్స్.

పేరు వినకపోయినా వాళ్ళ సరుకు మీరు చూసే ఉంటారు. నాలుగు కర్ర కాళ్ళమీద నున్నటి దొన్నెలాంటి ప్లాస్టిక్ కుర్చీ... కాఫీ షాపుల్లో, సాఫ్ట్‌వేర్ ఆఫీసుల్లో, పెళ్ళికి ముందు ఫోటోలు తీసే స్టూడియోల్లో ఎక్కడపడితే అక్కడ ఉంటోంది కదూ! అది వాళ్ళ కుర్చీకి నకలుకి నకలు. అసలుది 1950లో ఫైబర్ గ్లాసుతో వచ్చింది.

ముందు ప్రేమ సంగతి చెప్పేస్తాను, లేకపోతే మీరు పేజీ తిప్పేస్తారు!

1940లో మిచిగన్ రాష్ట్రంలోని క్రాన్‌బ్రూక్ అనే కళాశాలలో కలిశారు ఇద్దరూ. అతను ఆర్కిటెక్టు, ఆమె చిత్రకారిణి. అతనికి అప్పటికే పెళ్ళయింది, ఓ కూతురు కూడాను. 1941లో ఆ పెళ్ళి రద్దయింది. ఆ తర్వాత రే కి అతను రాసిన ఉత్తరం ఇప్పటికీ భద్రంగా ఉంది. మన సినిమాల్లో ప్రేమలేఖలాగా చంద్రుడూ చకోరాలూ ఏమీ లేవు. నాకు ముప్ఫైనాలుగు నిండబోతున్నాయి, మళ్ళీ ఒంటరివాణ్ణి, చేతిలో కానీ లేదు, నువ్వంటే చాలా ఇష్టం, వీలైనంత త్వరగా పెళ్ళి చేసుకోవాలని ఉంది, బాగా పోషిస్తానని మాటివ్వలేను గానీ ప్రయత్నం మాత్రం గట్టిగా చేస్తాను... ఇదీ సారాంశం. అదీ స్పెల్లింగు తప్పులతో! చివర్లో ఒక్క ప్రశ్న... ఉంగరం వేలు కొలత ఎంత?

ఈ సంగతి మా ఆవిడకి చెబితే, “కొలత అడిగిన మగాడు ఒక్కడున్నాడన్నమాట” అంది. నేను మాట మార్చేశాను.

1941 జూన్‌లో చికాగోలో పెళ్ళి. పెళ్ళయిన వెంటనే కారులో కాలిఫోర్నియాకి బయల్దేరారు. అదే హనీమూను, అదే కాపురానికెళ్ళడం! దారిలో ఎడారిగాలికి దొర్లుకుంటూ వచ్చే ఎండు ముళ్ళపొద ఒకటి దొరికితే దాన్ని కారులో వేసుకున్నారు. అది తర్వాత వాళ్ళ హాల్లో పైకప్పునుంచి వేలాడింది. మనం తిరుపతి వెళితే లడ్డూ తెచ్చుకుంటాం... వాళ్ళు ఎండుపొద తెచ్చుకున్నారు. ఎవరి ప్రసాదం వారిది!

లాస్ ఏంజిల్స్‌లో చార్లెస్‌కి ఎం.జి.ఎం. స్టూడియో ఆర్టు డిపార్టుమెంటులో ఉద్యోగం దొరికింది. పగలంతా సెట్టింగుల పని. సాయంత్రం స్టూడియోనుంచి చెక్కపొరలూ, జిగురూ ఇంటికి చేరేవి. ఆ అద్దె ఇంట్లో ఖాళీగా ఉన్న పడకగది వాళ్ళ ఫ్యాక్టరీ! పల్చటి చెక్కపొరలకి జిగురు రాసి, ప్లాస్టరు అచ్చుమీద పేర్చి, కరెంటుతో వేడిచేస్తూ, సైకిలు పంపుతో గంటల తరబడి గాలికొట్టి నొక్కితే చెక్క మనిషి ఒంటికి తగ్గట్టు వంగాలి. ఆ యంత్రానికి వాళ్ళు పెట్టుకున్న పేరు ‘కజామ్’. మాంత్రికులు ‘అలా కజామ్’ అంటారే, అది. మన విఠలాచార్య గారి సెట్టులో అయితే ‘ఛూ మంతర్’ అని పెట్టేవారు. కొత్త పెళ్ళికూతురు మొగుడితో కలిసి సైకిలు పంపు కొట్టిందంటే అది మామూలు కాపురం కాదు మరి!

ఆ పంపు మొదట కుర్చీ పుట్టించలేదు. యుద్ధం రోజులు. కాళ్ళు విరిగిన నావికాదళం సైనికులకి ఇనప బద్దలు కట్టేవారు. మోసుకెళ్తుంటే అవి ఊగి గాయం మరింత పాడయ్యేది. వీళ్ళు చార్లెస్ కాలినే అచ్చు తీసి, వంచిన ప్లైవుడ్‌తో తేలికపాటి బద్ద తయారుచేశారు. యుద్ధం ముగిసేలోపల 1,50,000 దాకా తయారయ్యాయి. ఆ అనుభవంలోంచే 1946 నాటికి ప్లైవుడ్ కుర్చీలు బయటికొచ్చాయి. 1999లో టైమ్ పత్రిక ఈ శతాబ్దపు అత్యుత్తమ డిజైన్ ఏదంటే ఆ కుర్చీ పేరే చెప్పింది.

ఇహ ఇంటి కథ. నాకు అన్నిటికంటే ఇష్టమైనది ఇదే.

పసిఫిక్ పాలిసేడ్స్‌లో సముద్రం కనిపించేలా ఓ గుట్ట, దాని పక్కన పచ్చిక మైదానం, వరసగా యూకలిప్టస్ చెట్లు. ఆ స్థలంలో ఇల్లు కట్టుకోవాలనుకున్నారు. 1945లో చార్లెస్, అతని మిత్రుడు ఈరో సారినెన్ కలిసి ప్లాను గీశారు... గుట్టమీంచి మైదానం పైకి వంతెనలాగా పొడుచుకొచ్చే ఇల్లు. బొమ్మలో చూస్తే బ్రహ్మాండం! కానీ యుద్ధం ధర్మమా అని ఇనుము రావడానికి మూడేళ్ళు పట్టింది.

ఈలోగా మొగుడూ పెళ్ళాం తీరిక దొరికినప్పుడల్లా ఆ స్థలానికి వెళ్ళేవారు. గడ్డిమీద గుడ్డ పరిచి భోజనాలు, విల్లూ బాణాలతో ఆటలు. మనవాళ్ళు ఆదివారం విశాఖ బీచికెళ్ళి మురీమిక్చరు తింటారు చూడండి, అలాగ! అలా వెళ్ళగా వెళ్ళగా వాళ్ళకి తట్టిందేమిటంటే, మనకి ఇష్టమైనదే ఈ గడ్డి, ఈ చెట్లు... తీరా ఇల్లు కడితే వీటికే ఎసరు కదా!

అంతే, ప్లాను తిరగరాశారు. ఇంటిని తీసుకెళ్ళి గుట్ట పక్కన, చెట్ల వెనక్కి జరిపారు. మైదానాన్ని ముట్టుకోలేదు. తమాషా ఏమిటంటే అప్పటికే వచ్చిపడిన ఇనుముతోనే, అదనంగా ఒక్క దూలం తెప్పించుకుని, మొదటి ప్లానుకంటే ఎక్కువ చోటున్న ఇల్లు కట్టారు. ఇనప చట్రం నిలబెట్టడానికి అయిదుగురు మనుషులకి 16 గంటలు పట్టింది. దర్వాజాలూ కిటికీలూ అన్నీ ఫ్యాక్టరీ కేటలాగులో దొరికే మామూలు సరుకే. 1949 క్రిస్మస్ ముందురోజు రాత్రి గృహప్రవేశం! లోకమంతా ఇళ్ళు కట్టుకుని, ఆ తర్వాత పిక్నిక్కులకి వెళుతుంది. వీళ్ళు ముందు పిక్నిక్కులు చేసి, వాటిని కాపాడుకోవడానికి ఇల్లు కట్టారు.

1955లో ఆ ఇంటిమీదే సినిమా తీశారు. కదిలే బొమ్మ ఒక్కటీ లేదు, అంతా ఫోటోలే. అద్దాలమీద చెట్ల నీడ, బల్లమీద పువ్వులు, బొమ్మలు, దువ్వెనలు. సంగీతం ఎల్మర్ బెర్న్‌స్టీన్. ‘టెన్ కమాండ్‌మెంట్స్’ కి సంగీతం ఇచ్చిన ఆయనే! అంత పెద్ద సినిమా చేసే మనిషి ఈ దంపతుల బొంగరాల సినిమాకీ, బొమ్మరైళ్ళ సినిమాకీ కూడా వాయించిపెట్టాడు. అవునండీ, బొంగరాలమీద ఓ సినిమా తీశారు, 1969లో. ఏడు నిమిషాలపాటు దేశదేశాల బొంగరాలు తిరుగుతూనే ఉంటాయి, మాటల్లేవు. చిన్నప్పుడు బొంగరం అరచేతిలో తిప్పినవాళ్ళెవరికైనా గొంతు పట్టేస్తుంది.

ఇంతకీ వాళ్ళ స్నేహితులెవరనుకున్నారు? ‘సమ్ లైక్ ఇట్ హాట్’, ‘అపార్ట్‌మెంట్’ తీసిన బిల్లీ వైల్డర్! 1949లో వైల్డర్ పెళ్ళి చేసుకుంటే ఆ ప్రయాణంలో వీళ్ళిద్దరూ కూడా వెళ్ళారట. హనీమూనుకి ఇంకో జంటని వెంటబెట్టుకెళ్ళే చనువన్నమాట! 1957లో అతను తీసిన ‘స్పిరిట్ ఆఫ్ సెయింట్ లూయిస్’ లో విమానం తయారయ్యే ఘట్టాన్ని కూర్చింది చార్లెసే. వైల్డర్‌కి ఆఫీసులో మధ్యాహ్నం కునుకు తీసే అలవాటు. ఎక్కువసేపు పడుకుంటే పని చెడుతుంది. దానికి 1968లో వీళ్ళో మంచం చేసిపెట్టారు, వెడల్పు 18 అంగుళాలు కూడా లేదు. చేతులు గుండెలమీద కట్టుకునే పడుకోవాలి. నిద్ర ముదిరేసరికి చేతులు జారి పక్కకి పడతాయి, మనిషి లేచి కూర్చుంటాడు. మా ఎడిటరు గారికి ఈ మంచం సంగతి ఎవరూ చెప్పకండి!

మన దేశంతో వాళ్ళకి పెద్ద లంకెే ఉంది. భారత ప్రభుత్వం పిలిస్తే వచ్చి, నెలల తరబడి ఊళ్ళు తిరిగి, 1958లో ఒక నివేదిక రాసిచ్చారు. దేశంలో చూసిన వస్తువుల్లో అన్నిటికంటే అందమైనది ఏదో తెలుసా? తాజ్‌మహల్ ఊసు కాదు... మన చెంబు! నీళ్ళెన్ని పట్టాలి, నెత్తిమీదా నడుముమీదా ఎలా ఆనాలి, వంచితే ధార ఎలా పడాలి, లోపల చెయ్యిపెట్టి తోమడానికి వీలుందా, దేనికైనా తగిలితే చప్పుడెలా ఉంటుంది... ఇవన్నీ ఒక్కడు కూర్చుని ఆలోచిస్తే తెగేవి కావు, తరతరాల జనం వాడివాడి చెంబుని ఆ రూపానికి తెచ్చారని వాళ్ళ అభిప్రాయం. ఆ నివేదిక ఆధారంగానే 1961లో అహమదాబాదులో నేషనల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ డిజైన్ వెలిసింది. మనం అటకమీద పడేసిన చెంబుకి అంత దర్జా!

సరే, ఇప్పుడు అసలు పేచీకి వస్తాను.

ఇదంతా ఇద్దరూ కలిసి చేశారు కదా! 1946లో న్యూయార్క్ మోడర్న్ ఆర్ట్ మ్యూజియంవాళ్ళు ఆ కుర్చీల ప్రదర్శన పెట్టి, ‘చార్లెస్ ఈమ్స్ రూపొందించిన కొత్త ఫర్నిచర్’ అని బోర్డు రాశారు. రే ఊసే లేదు! 1956లో తోలుపరుపుల వాలుకుర్చీ విడుదలైనప్పుడు టెలివిజన్‌వాళ్ళు ఇద్దర్నీ పిలిచారు. ఆ కార్యక్రమం నడిపే ఆవిడ, గొప్ప మగవాడి వెనక సమర్థురాలైన ఆడది ఉంటుందని చెప్పి, భర్తకి సాయం చేసే భార్యగా రే ని పరిచయం చేసింది. ఆ ముక్క ఇప్పటికీ చూడొచ్చు. చూడండి, రే మొహంలో ఆ నవ్వు! మన సినిమాల్లో కాఫీ ట్రేతో వచ్చి పక్కన నిలబడే అక్కయ్య పాత్ర ఉంటుందే, అచ్చం అలాగ నిలబెట్టేశారు.

చార్లెస్ మాత్రం, నేను చేసేదేదైనా రే నాకంటే బాగా చెయ్యగలదు అనేవాడు. కానీ కెమెరా ముందు మాట్లాడేది అతనే. ఆవిడకి నలుగురిలో మాట పెగిలేది కాదు. చిన్నచిన్న కాగితం ముక్కలమీద ఏవేవో రాసుకుని పెద్ద జేబుల గౌన్లలో దాచుకునేది. రంగు ఆవిడది, పొందిక ఆవిడది. 1959లో మాస్కో ప్రదర్శనలో ఏడు తెరలమీద ఒకేసారి 2,200 పైచిలుకు బొమ్మలతో అమెరికా జీవితాన్ని చూపించారు. ఆఖరి బొమ్మగా ఏం పెట్టాలన్న ప్రశ్న వచ్చింది. ‘ఫర్‌గెట్ మి నాట్’ పువ్వులు పెడదాం అంది రే. రష్యన్ భాషలోనూ ఆ పువ్వు పేరుకి అర్థం అదే, నన్ను మరిచిపోకు అని! నూరు కుర్చీలు చేసినా ఆ ఒక్క ఆలోచనకి సరిరావని నా ఉద్దేశం. కావాలంటే పోట్లాడండి.

సంసారమంతా పంచదారపాకమే అనుకోకండి. చార్లెస్ మనసు మరోచోటికి మళ్ళిన సంగతి 2011లో వచ్చిన ‘ఈమ్స్: ది ఆర్కిటెక్ట్ అండ్ ది పెయింటర్’ డాక్యుమెంటరీ దాచకుండా చెప్పింది. అయినా బల్ల విడిపోలేదు. 1977లో ఇద్దరూ కలిసి తీసిన ‘పవర్స్ ఆఫ్ టెన్’ తొమ్మిది నిమిషాల సినిమా. చికాగో చెరువు ఒడ్డున ఒక జంట పిక్నిక్కు. తినేసి అతను నిద్రపోతాడు. కెమెరా పది సెకన్లకి పదిరెట్ల చొప్పున దూరం జరుగుతూ పది కోట్ల కాంతి సంవత్సరాల అవతలికి పోతుంది... మళ్ళీ వెనక్కొచ్చి ఆ నిద్రపోయేవాడి చేతి చర్మంలోకి, అణువు గర్భంలోకి దిగుతుంది. ఈరోజు మన గ్రాఫిక్సు కుర్రాళ్ళు కోట్లు పోసి చేసేది ఆ రోజుల్లో బొమ్మలు గీసి, అతికించి చేశారు.

ఆ మరుసటి ఏడు, 1978 ఆగస్టు 21న చార్లెస్ పోయాడు. రే ఆ ఇంట్లోనే ఉండి, మిగిలిపోయిన పనులు ముగించి, లక్షల కొద్దీ ఫోటోలూ కాగితాలూ ఓ దారికి తెచ్చింది. అవిప్పుడు అమెరికా కాంగ్రెస్ లైబ్రరీలో ఉన్నాయి. 1988లో ఆవిడ పోయింది. తేదీ... ఆగస్టు 21! సినిమాలో పెడితే రచయిత మరీ సాగదీశాడంటాం.

ఆ ఆఫీసు పనంతా గుదిగుచ్చిన పుస్తకం 1989లో వచ్చింది. రాసిన ముగ్గురిలో రే ఒకరు. అట్టమీద ‘చార్లెస్ అండ్ రే ఈమ్స్’ అని ఇద్దరి పేర్లూ ఉన్నాయి. చూసుకోవడానికి ఆవిడే లేదు.

2025 జనవరిలో పాలిసేడ్స్‌లో కార్చిచ్చు రేగి వేల ఇళ్ళు బూడిదైనప్పుడు ఆ ఇల్లు పొగ మసితో బయటపడింది. తుడిచి, కడిగి, జూలైలో మళ్ళీ తెరిచారు. గడ్డి మైదానం అలాగే ఉంది.